అక్క కూతురు

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. పోయిన వేసవిలో ఒక ఆదివారం ఫోన్ చేసి, ఆఫీసులో సెలవు పెట్టి కంబోడియా పోతున్నానని చెప్పింది. ఊర్లు చూడ్డానికా అన్నాను. కాదమ్మా, అక్కడ ఒక పిల్లల హోములో వాలంటీరుగా ఉంటాను, పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి, వాళ్ళతో ఆడుకోవాలి అంది. అంతటితో ఊరుకోక ఫోటోలు కూడా పంపింది. వరసగా నిలబెట్టిన పిల్లలు, ఉతికిన బట్టలు, నూనె పెట్టి నున్నగా దువ్విన తలలు, చేతుల్లో కాగితం పూలు. ముందు వరసలో ఒక పాప కెమెరా వైపు కాకుండా ఎటో పక్కకు చూస్తోంది. "ఎంత ముద్దుగా ఉన్నారో చూడమ్మా. పాపం, వీళ్ళకెవరూ లేరంట" అంది. నేనప్పుడు మదనపల్లెలో మా వంటింట్లో టమోటాలు కోస్తున్నాను. మా ఊర్లో మండీలో ధర పడిపోయిన వారమంతా ప్రతి ఇంట్లోనూ టమోటా పప్పు, టమోటా చారు, టమోటా పచ్చడే. ధర పెరిగిన వారం టమోటా మాట ఎత్తేవాళ్ళుండరు. కత్తిపీట పక్కన పెట్టి ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు, అయినా నా ముఖం వేడెక్కింది. అలాంటి వరసలో నేనూ నిలబడ్డాను. పక్కకు చూస్తున్న ఆ పాప ఎందుకు పక్కకు చూస్తోందో నాకు తెలుసు. నేను హోములో పెరిగానన్న సంగతి మా అమ్మాయికి మాత్రం తెలియదు. హాస్టల్లో చదువుకున్నానని చెప్పి పెంచాను. అది విమానం ఎక్కే ముందు రెండ్రోజులు ఇంటికొస్తే, అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. చెప్పిందంతా ఇదీ.

మా హోము పుంగనూరు ఊరి బయట ఉండేది. పుంగనూరులో పెరిగానని ఎవరికైనా చెబితే వెంటనే పొట్టి ఆవుల గురించి అడుగుతారు. మీరు చూశారా, పాలు నిజంగా అంత చిక్కగా ఉంటాయా, ఒకటి ఎక్కడైనా దొరుకుతుందా అని. మా చిన్నప్పుడు ఆ ఆవు మాకెక్కడా కనపడింది లేదు. కానీ ఆవుల గురించి అడిగేవాళ్ళు నా గురించి అడగరు గనక, నేను ఆ ఆవులను చాలా పొగిడి మాట మళ్ళిస్తాను. నా బతుకులో ఆ పొట్టి ఆవులు నన్ను కాపాడినన్ని సార్లు మనుషులెవరూ కాపాడలేదు.

మాది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లె. మా నాయన మదనపల్లె మండీలో టమోటా బుట్టలు మోసేవాడు. నాకు ఊహ తెలిసేసరికే కామెర్లొచ్చి పోయాడు. అప్పట్నుంచీ మా అమ్మ నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. కొన్నాళ్ళకు మా మేనమామ నన్ను తెచ్చి ఈ హోములో వదిలాడు. చర్చి అయ్యగారు నడిపే హోము అది. ఎవరి పిల్లలనైనా తీసుకునేవారు. "నాలుగక్షరాలు నేర్చుకో పాపా, అమ్మొచ్చి తోల్కపోతుంది" అని చెప్పి మామ వెళ్ళిపోయాడు. మొదట్లో అమ్మ వచ్చేది. ఉడకబెట్టిన చెనక్కాయలు కొంగున కట్టుకొచ్చి, హోము గేటు దగ్గర కూర్చుని ఒలిచి నా నోట్లో పెట్టేది. పక్క మంచం పిల్లకు కూడా పెట్టేది. తర్వాత రావడం తగ్గింది. ఆఖరుసారి వచ్చినప్పుడు, "కుప్పం దిక్కు పట్టుపురుగుల పనికి పోతాండా పాపా. పురుగులకు ఆదివారాలుండవు" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. అమ్మ రానప్పుడల్లా, పురుగులు ఇంకా తింటున్నాయేమో అనుకునేదాన్ని.

హోముకు విదేశాల నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. వస్తున్నారంటే వారం ముందు నుంచి మాకు స్వాగతం పాట నేర్పేవాళ్ళు. వార్డెనమ్మ మా తలలకు ఆముదం రాసి లాగి జడలేసి, "అమ్మానాయన ఎవరని అడిగితే యేసయ్యే మాకు అమ్మా, నాయనా అని చెప్పండి" అనేది. అది అబద్ధమని మాకెప్పుడూ అనిపించలేదు, పాటలో ఒక చరణం లాగే ఉండేది. వాళ్ళు మా తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, చాక్లెట్లు పంచి, సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళు. చాక్లెట్ల రుచి గుర్తుంది. తల నిమిరించుకుంటున్నప్పుడు నేల వైపు చూడాలనిపించేది, అదీ గుర్తుంది.

అలా వచ్చి, సాయంత్రానికి వెళ్ళిపోకుండా ఉండిపోయిన ఒకే ఒక్క మనిషిని మేము పొడుగక్క అనేవాళ్ళం. వచ్చిన రోజే మా అన్నం గది గుమ్మానికి తల కొట్టుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చింది. డెన్మార్క్ అంటే ఏదో సబ్బు మార్కు అని మేము చాలా రోజులు అనుకున్నాం, ఆమె దగ్గర ఎప్పుడూ మంచి వాసన వచ్చేది మరి. సంగటి నమలకూడదు, మింగాలి అని మేమంతా చుట్టూ కూర్చుని ఆమెకు నేర్పాం. పాపం ముద్ద గొంతులో పడ్డప్పుడల్లా కళ్ళు పెద్దవి చేసేది. ఆమె మంచిది. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదానికి వేరే అర్థం వస్తుంది. మా అందరి పేర్లూ నేర్చుకుంది. గజ్జి పట్టిన పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మందు రాసేది. సెలవులు ఇక్కడే గడపడానికి వచ్చానని చెప్పింది గానీ, ఒక్క రోజు కూడా సెలవులా ఉండలేదు.

రోజూ సాయంత్రం ఆమె మాకు ఇంగ్లీషు చెప్పేది. నేను ఇంగ్లీషులో కొంచెం చురుకు. ఇప్పుడు అదే చెప్పుకుని బతుకుతున్నాను, మదనపల్లెలో ఇంగ్లీషు టీచరుగా. ఒకరోజు ఒక్కొక్కరినీ సొంతంగా ఒక వాక్యం చెప్పమంది. నా ముందరివాళ్ళు నా పేరు ఇది, నాకు మామిడిపండు ఇష్టం అని చెప్పారు. నేను అందరికంటే గొప్పగా చెప్పాలనుకున్నాను. లేచి నిలబడి, "మై మదర్ ఈజ్ ఇన్ కుప్పం" అన్నాను. వాక్యంలో తప్పు లేదు. అయినా పొడుగక్క భుజం తట్టలేదు. "మదర్?" అంది. మళ్ళీ, "యువర్ మదర్?" అంది. నేను తలూపాను. ఆమె సుద్దముక్క కింద పెట్టి, నేరుగా అయ్యగారి గదికి వెళ్ళింది.

వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కిటికీ కింద నిలబడి విన్నవాళ్ళు చెప్పారు: తల్లి బతికుండగా బిడ్డ ఇక్కడెందుకుండాలి అని ఆమె, బీదతనం సిస్టర్, ఇక్కడ సగం మందికి ఎవరో ఒకరున్నారు అని ఈయన. నన్ను మా అమ్మ దగ్గరికి తనే తీసుకుపోతానని ఆమె పట్టుబట్టింది. అయ్యగారు "ఇప్పుడొద్దులే సిస్టర్, ఆమె ఇబ్బందులు ఆమెకుంటాయి" అని మాత్రం అన్నాడు. ఏమి ఇబ్బందులు అని అడిగితే చెప్పలేదు. చివరికి ఊరి పేరు చెప్పాడు. పొడుగక్క పుంగనూరు బజారులో నాకొక గులాబిరంగు గౌను కొంది, అంచుకు తెల్ల లేసు. ఆ గౌను తొడుక్కుని హోము గేటు దాటుతుంటే, లోపల మిగిలిన పిల్లల వైపు నేను తిరిగి చూడలేదు. గర్వంతోనే చూడలేదు.

పలమనేరులో బస్సు మారాం, వెంకటగిరికోటలో ఇంకో బస్సు. పొడుగక్క మోకాళ్ళు ముందు సీటుకు ఆనించుకుని, ఒక్కో ఊరి పేరూ నాతో చదివించుకుంటూ వచ్చింది. కుప్పం ఇంకా దూరముందనగా ఒక స్టాపులో దిగి, మల్బరీ తోటల మధ్య నడిచాం. ఊర్లోకి అడుగుపెట్టేసరికి మా వెనక తిరునాళ్ళకొచ్చినంత మంది ఉన్నారు. ఒక తాత నన్ను పక్కకు పిలిచి, "ఎవురు పాపా ఈయమ్మ? సినిమా తీస్తారా ఏంది?" అన్నాడు. "కాదు తాతా, మా అక్క" అన్నాను. ఆయన ఆమెను, నన్ను మార్చి మార్చి చూసి, "అక్కంట!" అని నవ్వాడు.

అమ్మ పేరు చెబితే వాళ్ళు చూపించిన ఇంటి అరుగు మీద ఒక ముసలామె కూర్చుని మల్బరీ ఆకు సన్నగా తరుగుతోంది. లోపల గదిలోంచి చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు. పురుగులు ఆకు తినే చప్పుడది. పొడుగక్క ఆ గదిలోకి తొంగిచూడబోతే, ముసలామె కత్తి ఎత్తి, "ఆడికి పోవద్దను ఆయమ్మను. సబ్బు వాసనకు పురుగులు సస్తాయి" అంది. తర్వాత నన్ను చూసి, "ఎవురు కావల్ల మీకు?" అని అడిగింది. నేను మా అమ్మ పేరు చెప్పాను.

"మా కోడలా?" అంది ఆమె.

మా అమ్మకు నాకు తెలిసి ఒక్కతే అత్త, మా నాయన తల్లి. ఆమె నేను పుట్టకముందే పోయింది. ఇంకో అత్త ఎలా వచ్చిందో నేను లెక్క తేల్చుకునేలోపే అమ్మ బయటికి వచ్చింది. చంకలో ఒక పిల్లవాడు. చేతులనిండా పచ్చ గాజులు. నుదుట రూపాయంత కుంకుమ. నాకు ముందు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. అమ్మ ఎంత బాగుందో అనిపించింది. అమ్మ నన్ను చూసి, నా గౌను చూసి, పొడుగక్కను చూసి, ఆ వెనక వీధి వీధంతటినీ చూసింది. చంకలోని పిల్లవాణ్ణి గట్టిగా అదుముకుంది. వాడు ఏడవడం మొదలుపెట్టాడు.

"ఎవురే ఈ పాప?" అంది ముసలామె.

"మా అక్క కూతురత్తా. పుంగనూరులో సదువుకుంటాండాది" అంది అమ్మ. ఒక్క ఊపిరిలో అనేసి నా వైపు తిరిగి, "ఏం పాపా, బాగుండావా? అమ్మ బాగుండాదా?" అని అడిగింది.

అమ్మ కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. పెద్దవాళ్ళు పిల్లలను అలా బతిమాలడం నేనంతకు ముందు చూడలేదు. "బాగుండాది చిన్నమ్మా" అన్నాను. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది.

ఇక పొడుగక్క. ఆమెకు మా మాటలు అర్థం కాలేదు. వంగి, నా రెండు భుజాలూ పట్టుకుని, మెరిసిపోతున్న ముఖంతో, "ఈజ్ షి యువర్ మదర్?" అంది. మదర్ అన్న మాట ఆ వీధిలో ఏ ఒక్కరికి తెలిసినా చాలు. "నో అక్కా. దిస్ మదర్ సిస్టర్" అన్నాను గబగబా. మరి మీ అమ్మ ఎక్కడ అంది. నాకు అప్పటికున్న ఇంగ్లీషు కొంచెం. ఇక్కడ లేదు అని చెబితే ఎక్కడుందో చెప్పు, అక్కడికే పోదాం అంటుంది. ఆమె అలాంటి మనిషి. వీధంతా చూస్తోంది. "మదర్ ఫినిష్" అన్నాను.

పొడుగక్క ఆ మట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయి, నన్ను గుండెకు హత్తుకుని ఏడ్చింది. చిన్నగా కాదు, భుజాలు ఎగిరిపడేలా. ఆమె జుట్టు పక్కనుంచి నాకు మా అమ్మ కనిపిస్తోంది. ఈమె ఎందుకేడుస్తోందో అమ్మకు తెలియదు. "ఏమాయ పాపా ఆయమ్మకు?" అని ఎవరో అడిగారు. "ఎండ తగిలింది" అన్నాను. వెంటనే ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఇంకెవరో ఆమె నెత్తిన తడిగుడ్డ వేశారు. చచ్చిపోయిన మా అమ్మే ఆమెకు విసనకర్రతో విసిరింది.

ముసలామె అంతసేపూ ఆకు తరుగుతూనే ఉంది. చివరికి "కాళ్ళు కడుక్కోని రాండి, సంగటి తిందురు" అంది. లోపల కూర్చున్నాం. అమ్మ వడ్డించింది. నా తట్టలో సంగటి పెట్టి, గుంట చేసి, అందులో నెయ్యి పోసింది. నెయ్యి గుంట దాటి తట్టంతా పారుతున్నా గిన్నె ఎత్తలేదు. ముసలామె ఆ గిన్నె వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను తట్టలోకి వంగి తిన్నాను. చేతులు కడుక్కోగానే ముసలామె అమ్మతో, "పాప తల సూడు, పేలు కుప్పలుండాయి. పెరట్లోకి తోల్కపోయి దువ్వి పంపించు. పిల్లోడు నాకాడ ఉంటాడులే" అంది. తర్వాత పొడుగక్క చెయ్యి పట్టుకుని లేపి, సబ్బు వాసనా గిబ్బు వాసనా అన్న మాటే మరిచినట్టు, పురుగుల గదిలోకి తనే తీసుకుపోయింది. వాకిట్లో ఉన్న జనమంతా వాళ్ళ వెంటే ఆ తలుపు దగ్గరికి పోయారు.

పెరట్లో మల్బరీ పుల్లల మోపు మీద అమ్మ కూర్చుంది, నేను ఆమె ముందు నేల మీద. వార్డెనమ్మ ఆముదం పెట్టి గట్టిగా లాగేసిన జడలు విప్పి, దువ్వెన పెట్టింది. తలలో పేలు లేవు. చాలాసేపు ఊరికే దువ్వింది.

"ఇంగిలీసు యాడ నేర్చుకున్యావు పాపా?"

"ఆ అక్కే నేర్పింది."

"ఆమెకేం జెప్పినావు?"

"నువ్వు చిన్నమ్మవని చెప్పినా."

ఫినిష్ అన్న రెండో మాట చెప్పలేదు. దువ్వెన ఆగింది. నేను వెనక్కి తిరిగి మెల్లగా "అమ్మా" అన్నాను. అరచేత్తో నా నోరు మూసింది. "ఈడ వద్దు పాపా. నీ గురించి ఈళ్ళకు తెలీదు. మీ మామ నాకు బిడ్డల్లేరని జెప్పి ఇచ్చినాడు" అంది. చెయ్యి తీసింది. ఏదో ఒకటి అనకపోతే అమ్మ ఏడ్చేలా ఉంది. "బొట్టు బాగుండాది నీకు" అన్నాను. అమ్మ నా మెడ వెనక ముఖం ఆనించి అలాగే ఉండిపోయింది. తిరుగు బస్సులో పొడుగక్క నా గౌను మెడ దగ్గర ఎర్రటి మరక చూసి, రుమాలు తడిపి తుడవబోయింది. మరక ఇంకా పెద్దదయ్యింది.

ఆ ఆదివారం హోములో జరిగినదాన్ని మా అమ్మాయికి చెప్పేటప్పుడు కూడా నేను గోడ వైపు తిరిగి చెప్పాను. ఈ పాపకు తల్లి లేదని తెలిసింది, అందరం కలిసి ఆదరణ పాట పాడుదాం అని పొడుగక్క ప్రార్థనలో చెప్పింది. నన్ను ముందుకు పిలిచి తన పక్కన నిలబెట్టుకుంది. పిల్లలంతా లేచి పాడారు, చావింట్లో పాడే పాట. మా అమ్మ ఒలిచి పెట్టిన చెనక్కాయలు తిన్న పిల్లలు. పక్క మంచం పిల్ల పాడుతూ పాడుతూ ఏడ్చింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "చెనక్కాయలు తెచ్చేది, ఆమేనా?" అని అడిగింది. అవునన్నాను. అందరూ నన్ను చూస్తున్నారు. నేను ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు రానందుకు, వచ్చినట్టు ముఖం పెట్టినందుకు, అక్కడ మల్బరీ ఆకు తరుగుతూ ఉన్న అమ్మ కోసం ఇక్కడ ఇంతమంది గొంతెత్తి పాడుతున్నందుకు నా చెవులు కాలిపోయాయి. అయ్యగారు పాట మొదలైనప్పుడు కళ్ళు మూసుకున్నవాడు అయిపోయాక కూడా తెరవలేదు. మధ్యాహ్నం నన్ను గదికి పిలిచి, కుర్చీలో కూర్చోమన్నాడు. మేమెవరమూ ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. "మీ మామ నాకు ముందే చెప్పినాడు పాపా, మీ అమ్మకు పెళ్ళి చేసినామని. నేను ఆమెకు చెప్పుంటే మీరు పోయుండరు. మన దగ్గర ఇట్ల దాచిపెట్టి పెళ్ళి చేస్తారని బయటిదేశం మనిషికి చెప్పాలంటే సిగ్గేసింది" అన్నాడు. నేను కుర్చీ చెయ్యి గీకుతూ కూర్చున్నాను. పెద్దవాళ్ళకూ సిగ్గేస్తుందని అప్పుడే తెలిసింది.

పొడుగక్క వెళ్ళిపోయిన రోజు అందరినీ హత్తుకుంది, నన్ను ఎక్కువసేపు హత్తుకుంది. నిజం చెబుదామని నోరు తెరిచాను. అప్పటికి నా ఇంగ్లీషు కూడా కొంచెం మెరుగయింది. చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆ ఊరికి బస్సెక్కుతుందని భయం. ఇప్పుడామెకు బాగా వయసయి ఉంటుంది. ఆమె మనసులో మా అమ్మ ఇప్పటికీ చచ్చిపోయే ఉంటుంది.

ఆమె వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం, హోము గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారన్నారు. పరుగెత్తుకుంటూ పోతే, అక్కడ కూర్చుని ఉన్నది ముసలామె. రెండు బస్సులు మారి ఒంటరిగా వచ్చింది. "మీ అమ్మకు తెలీదు నేనొచ్చింది" అంది. మీ చిన్నమ్మకు అనలేదు. నేను గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. "మా కోడలికి అక్కే లేదు పాపా. సంబంధం మాట్లాడేటప్పుడు తోడబుట్టినోళ్ళు ఎందురని నేనే అడిగినా. ఒక అన్నే అనిరి. నువ్వు చిన్నమ్మా అన్యావే, అప్పుడే తెలిసిపాయ నాకు." పక్కకు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్ళీ అంది: "నా కొడుక్కి నేను జెప్పుకుంటా. వానికి రోషమెక్కువ గానీ మనిషి సెడ్డోడు గాడు. ఊర్లో మాత్రం అందురూ నిన్ను అక్క కూతురనే ఇనిండారు. సెలవులకు అట్లనే రా. ఒగసారి అన్న మాట మార్చుకుంటే మీ అమ్మకే కష్టం."

అలాగే పోయాను. ప్రతి సెలవులకూ మా అమ్మ ఇంటికి ఆమె అక్క కూతురుగా పోయాను. అమ్మను చిన్నమ్మా అన్నాను, ముసలామె కొడుకును చిన్నాయనా అన్నాను. ఆయన మొదట్లో నాతో మాట్లాడేవాడు కాదు. తర్వాత మల్బరీ తోట గట్టు మీద నాకు సైకిలు నేర్పాడు. పిల్లవాడు నన్ను అక్కా అన్నాడు. వాడికి మాత్రం ఏ వరసలో చూసినా అక్కనే గనక, ఆ ఇంట్లో అబద్ధమాడనివాడు వాడొక్కడే. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అమ్మ నాకు నెయ్యి ఎక్కువ పోసేటప్పుడు చుట్టూ చూసి పోసేది. నేను తలుపు దగ్గర చెప్పులు విడిచేటప్పుడు, ఇది నా ఇల్లు కాదన్నట్టు ఒక మూలకు విడిచేదాన్ని. నా పెళ్ళి మదనపల్లెలో జరిగింది. అమ్మానాయన స్థానంలో పీటల మీద ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చినప్పుడు, చిన్నాయన భుజం మీది తువ్వాలు దులిపి, "తల్లీదండ్రీ లేని బిడ్డ గదా, మేమే కూర్చుంటాము" అన్నాడు. అలా మా అమ్మ నా పెళ్ళిలో నా తల్లికి బదులుగా కూర్చుంది. నా కాళ్ళకు పసుపు రాసేటప్పుడు ఆమె తలెత్తలేదు. నేనూ వంగి చూడలేదు. చూస్తే ఇద్దరం పట్టుబడిపోతామని.

ఇదంతా విని మా అమ్మాయి, "అంటే కుప్పం చిన్నవ్వ మా అమ్మమ్మేనా?" అంది. అవునన్నాను. అది ఆ రాత్రి నా పక్కన పడుకుంది, మర్నాడు బయల్దేరింది.

ముసలామె పోయింది. చిన్నాయన పోయాడు. అయ్యగారు పోయారు. మా మామ అందరికంటే ముందే పోయాడు. అమ్మ ఇప్పుడు కుప్పంలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. పురుగులు పెంచడం మానేసి చాలా కాలమైంది. పోయిన నెల ఆమెకు కంటి ఆపరేషను. తమ్ముడికి ఊరెళ్ళే పని పడితే నేను మదనపల్లె నుంచి వెళ్ళాను. ఆస్పత్రి వసారాలో బెంచీల నిండా జనం. అమ్మ కళ్ళలో మందు చుక్కలు వేశారు. ఏదీ సరిగ్గా కనిపించక నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నర్సమ్మాయి వచ్చి అందరికీ వినపడేట్టు అడిగింది: "ఈ అవ్వతో వచ్చింది ఎవరు? మీరేమవుతారు ఆమెకు?"

నేను అలవాటు ప్రకారం నోరు తెరిచాను. అమ్మ నాకంటే ముందే చెప్పింది.

"కూతురు" అంది. నర్సుకు సరిగ్గా వినపడలేదేమోనని గొంతు పెంచి, "నా కూతురు. తొలి బిడ్డ" అంది.

నాకు సంతోషం కలగాలి. ఆ మాట కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశానని నేను అనుకున్నాను కూడా. కానీ నాకు కలిగింది సిగ్గు. దొంగతనం బయటపడ్డట్టు ముఖమంతా కాలిపోయింది. ఎవరు విన్నారో అని చుట్టూ చూశాను. ఒకామె చీర చెంగుతో విసురుకుంటోంది. ఒకాయన ఫోన్లో ఏదో వీడియో చూసి నవ్వుకుంటున్నాడు. ఒక్క తల కూడా మా వైపు తిరగలేదు. నర్సమ్మాయి "సరే, తోల్కరాండి లోపలికి" అని పక్క బెంచీకి పోయింది. అమ్మ లేవడానికి చెయ్యి చాపింది. నేను పట్టుకుని, "మెట్టుంది, చూసి అడుగెయ్యి చిన్నమ్మా" అన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. అమ్మకూ తెలిసింది. నా చెయ్యి నొక్కి మెట్టెక్కింది.

మేము ఎవరికి భయపడి దాచామో వాళ్ళందరినీ కాలం ఒక్కొక్కరిగా తీసుకుపోయింది. దాచడం ఒక్కటే తీసుకుపోవడం మరిచిపోయింది.